కూతకే చప్పట్లు... మరి పట్టుకు?

 

పోస్ట్ పెద్దగనే ఉంటది, ముందే చెప్తున్నం. రాత్రి భోజనాలు అయినంక తీరికగా చదవండి. చదివినంక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ సగం చదివి మాత్రం తిట్టకండి.

తెలుగు టైటన్స్ ఎవరిని ఉంచుకోవాలె, ఎవరిని వదిలేయాలె అన్న లొల్లి మన హాస్టళ్ళలో ఎప్పుడూ తెగదు. జనగామ తమ్ముళ్ళు ఒక మాట, మహబూబాబాద్ అన్నలు ఒక మాట, భూపాలపల్లి నుంచి వచ్చినోళ్ళు ఇంకో మాట. అందరి మాటల్లో కలిసేది ఒక్కటే. ఉంచుకోవాల్సినోళ్ళ పేర్లు చెప్పమంటే అన్నీ రైడర్ల పేర్లే వస్తయి. "భరత్ హుడాను ముట్టుకోవద్దు", "విజయ్ మాలిక్ లేకపోతే టీమే లేదు", "పవన్‌ను మళ్ళ తేవాలె". మంచిదే. కానీ లెఫ్ట్ కార్నర్‌లో ఎవరుండాలె, కవర్లు ఎవరు అని అడిగితే సగం మంది ఫోన్ తీసి వెతుకుతరు.

మేము చెప్పదలుచుకున్నది సూటిగా ఇది. కబడ్డీ టీమ్‌ను నిలబెట్టేది డిఫెన్స్. టైటన్స్ పన్నెండు సీజన్ల లెక్క చూస్తే ఇది అర్థమైతది. అభిమానులుగా మనం ఇది పట్టించుకోకపోతే పోయేది ఏం లేదు, ఒక వాదన ఓడిపోతం అంతే. కానీ ఇదే అలవాటు మన తండా టీముల్లో, గూడెం టీముల్లో, హాస్టల్ టీముల్లో కూడా ఉన్నది. అక్కడ నష్టపోతున్నది మన పోరగాళ్ళు. అందుకే ఈ పోస్ట్.

ముందు టైటన్స్ సంగతి చూద్దాం.

2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి టైటన్స్ అంటే రైడరే. మొదటి ఆరు సీజన్లు రాహుల్ చౌదరి. మన ఊర్లలో చిన్నపిల్లలు కూడా అతని పేరు చెప్పుకొని కూతకు పోయేవాళ్ళు. 2015లో మూడో స్థానం, 2016లో నాలుగో స్థానం వచ్చినయి. అవి మంచి రోజులు. 2019లో రాహుల్ పోయిండు, సిద్ధార్థ్ దేశాయ్ వచ్చిండు. అప్పటి ధర 1 కోటి 45 లక్షలు. అప్పుడు మన దగ్గర లెఫ్ట్ కార్నర్‌లో విశాల్ భరద్వాజ్, రైట్ కార్నర్‌లో ఇరాన్ ఆటగాడు అబోజర్ మిఘానీ ఉండేవాళ్ళు. రెండు మూలలకు రెండు తాళాలు వేసినట్టు ఉండేది.

2021 వేలంలో ఏమైంది? వేరే టీమ్ పాడిన ఆఖరి ధరకే మన ఆటగాడిని మనమే తిరిగి తెచ్చుకునే వీలు ఒకటి ఉంటది, ఫైనల్ బిడ్ మ్యాచ్ అంటరు. దాన్ని వాడి సిద్ధార్థ్‌ను 1 కోటి 30 లక్షలకు తెచ్చుకున్నరు. ఆ ఇద్దరు కార్నర్లు మాత్రం వేరే జట్లకు పోయిన్రు. సీజన్ మొదట్లోనే సిద్ధార్థ్‌కు గాయమైంది. 22 మ్యాచులు ఆడితే గెలిచింది ఒక్కటి.

2022లో 22 మ్యాచుల్లో 2 గెలుపులు. 2023-24 సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నరు. అప్పటిదాకా లీగ్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. మన హాస్టళ్ళలో ఆ రోజు పండుగే. పవన్ మోసం చేసిండా? చేయలే. ఆ సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చిండు. టీమ్ గెలిచింది మళ్ళీ 2 మ్యాచులే. మూడు సీజన్లు కలిపితే 66 మ్యాచులు, 5 గెలుపులు. మూడుసార్లూ అట్టడుగునే. 2024 మార్చి 1న ఫైనల్ మన హైదరాబాద్‌లో, గచ్చిబౌలిలో జరిగితే పుణెరి పల్టన్, హర్యానా స్టీలర్స్ ఆడినయి. మనం మన ఇంట్లోనే చుట్టాల పెళ్ళి చూసినట్టు చూసినం.

200 పాయింట్లు తెచ్చే మనిషి ఉండి 2 మ్యాచులే గెలుసుడేంది? ఇక్కడ ఆట లెక్క ఒకసారి నెమ్మదిగా చూడాలె.

ఒక రైడ్ మనది, తర్వాత రైడ్ వాళ్ళది. అంటే ఆట నలభై నిమిషాల్లో సగం మనం పట్టు పట్టాల్సిందే. మన రైడర్ ఎంత గొప్పోడైనా ఏదో ఒక రైడ్‌లో దొరుకుతడు. దొరికితే బయట కూర్చోవాలె. మళ్ళీ లోపలికి రావాలంటే మనోళ్ళు అవతలివాళ్ళను అవుట్ చేయాలె. ఇంకో రైడర్ తాకి రావాలె, లేకుంటే డిఫెన్స్ ఒక పట్టు పట్టాలె. డిఫెన్స్ చేతగాకపోతే 2 కోట్ల 60 లక్షల మనిషి గీత బయట కూర్చొని చూస్తనే ఉంటడు. అవతలి రైడర్ వచ్చి ఒక్కొక్కరిని తాకిపోతనే ఉంటడు. ఆఖరికి ఆల్ అవుట్, వాళ్ళకు అదనంగా 2 పాయింట్లు. అప్పుడు మన స్టార్ లోపలికి వస్తడు, కానీ అప్పటికే మనం పది పాయింట్లు వెనకబడి ఉంటం.

అంటే కార్నర్ పట్టిన ఒక్క పట్టుకు మూడు ఫలితాలు ఉన్నయి. మనకు పాయింట్ వస్తది. వాళ్ళ రైడర్ బయటికి పోతడు. మన రైడర్ లోపలికి వస్తడు. స్కోర్ బోర్డు మీద మాత్రం ఒక్క పాయింటే కనిపిస్తది. ముగ్గురు గానీ అంతకు తక్కువ గానీ ఉన్నప్పుడు పట్టు పడితే సూపర్ టాకిల్, 2 పాయింట్లు. ఓడిపోతున్న టీమ్‌కు ఊపిరి పోసేది అదే.

ఇప్పుడు ఒక అన్న అడుగుతడు, మాకు తెలుసు. "పట్నా పైరేట్స్ వరుసగా మూడు కప్పులు కొట్టింది పర్దీప్ నర్వాల్ రైడ్లతోనే గదా?" నిజమే అన్నా. పర్దీప్ లాంటోడు మళ్ళీ పుట్టడు. కానీ ఆ కథలో తర్వాతి భాగం కూడా చూడాలె. 2021లో పర్దీప్‌ను యూపీ యోధా 1 కోటి 65 లక్షలకు తీసుకున్నది. పట్నా పని అయిపోయింది అన్నరు అందరు. ఆ సీజన్ ఫైనల్‌కు పోయింది పట్నానే. ఇరాన్ నుంచి వచ్చిన మొహమ్మద్‌రెజా షాద్లూయి లెఫ్ట్ కార్నర్‌లో నిలబడ్డడు. ఫైనల్‌లో దబంగ్ ఢిల్లీ చేతిలో 37-36తో, ఒక్క పాయింట్ తేడాతో ఓడింది. మన టైటన్స్ ఒక్క మ్యాచ్ గెలిచిన సీజన్ కూడా అదే. ఒక టీమ్ పెద్ద రైడర్‌ను వదిలి డిఫెన్స్ కట్టుకున్నది. ఇంకో టీమ్ పెద్ద రైడర్‌ను ఉంచుకొని కార్నర్లను వదిలింది. ఎవరు ఎక్కడ తేలిన్రో చూడండి.

ఆ షాద్లూయే 2023-24లో పుణె జట్టులో ఉన్నడు, పుణె కప్పు కొట్టింది. తర్వాతి సీజన్ హర్యానాకు పోయిండు, 2024 డిసెంబర్ 29న హర్యానా కప్పు కొట్టింది.

ఇంకో తమ్ముడు లేస్తడు. "2022లో టైటన్స్ డిఫెండర్లను కొనలేదా? రవీందర్ పహల్, సుర్జీత్ సింగ్, పర్వేష్ భైన్స్వాల్ అందరూ పెద్దోళ్ళే గదా, అయినా రెండే గెలిచినం." ఇది మంచి ప్రశ్న తమ్మీ, దీన్ని దాటెయ్యం. 2025లో షాద్లూయిని గుజరాత్ 2 కోట్ల 23 లక్షలకు కొన్నది. గుజరాత్ మొదటి ఎనిమిదిలో కూడా లేదు. అంటే పెద్ద పేరున్న డిఫెండర్‌ను కొని తెచ్చి నిలబెడితే డిఫెన్స్ తయారు కాదు.

రైడర్ ఒక్కడే పోతడు. ముప్పై సెకన్లు అతనివి, కాళ్ళు అతనివి, నిర్ణయం అతనిది. అందుకే ఒక్కడిని కొని తెచ్చినా పని నడుస్తది. పట్టు ఒక్కడితో అయ్యేది కాదు. కార్నర్ వంగి మడమ పట్టిండంటే, ఆ క్షణంలోనే కవర్ వచ్చి మీద పడాలె. అర సెకను ఆలస్యమైతే రైడర్ అందరినీ ఈడ్చుకొని మధ్యగీత ముట్టుకుంటడు. ముగ్గురు పట్టుకుంటే మూడు పాయింట్లు పోతయి. కార్నర్ తొందరపడి ముందుకు దూకితే కవర్ వెనుక ఖాళీ. కవర్ డాష్ కొట్టే టైమ్‌కు కార్నర్ దారి మూసి ఉండాలె. కంటి సైగ, భుజం కదలిక, చేతిలో చెయ్యి వేసి పట్టుకున్నప్పుడు వేళ్ళు ఒత్తే ఒత్తుడు, వీటితోనే మాట్లాడుకోవాలె. ఇది ఒక వేలంలో రాదు. ఒకే జంట రెండు మూడేండ్లు పక్కపక్కన నిలబడితే వస్తది. అందుకే మేము అనేది, డిఫెండర్ విషయంలో కొనుడు కంటే ఉంచుకొనుడు ముఖ్యం.

ప్రపంచానికి ఇది చూపించింది ఇరాన్. ఏషియన్ గేమ్స్‌లో 1990 నుంచి 2014 దాకా మగవాళ్ళ కబడ్డీ బంగారం ప్రతిసారీ మనదే. 2018లో జకార్తా సెమీఫైనల్‌లో ఇరాన్ 27-18తో మనల్ని ఆపింది. మన దగ్గర రైడర్లకు కొదవా? లేదు. వాళ్ళ డిఫెన్స్ గోడ దాటలేకపోయినం. అదే ఇరాన్ నుంచి వచ్చిన ఫజెల్ అత్రాచలి 2018 వేలంలో కోటి రూపాయలు పలికిన మొదటి ఆటగాడు. ఈ లీగ్‌లో మొదటి కోటి ఒక లెఫ్ట్ కార్నర్‌కు పోయింది. ఈ సంగతి మన క్విజ్‌లలో ఎవరూ అడగరు.

2025 టైటన్స్ గురించి చెప్పకపోతే అన్యాయం. చాలా ఏండ్ల తర్వాత తలెత్తుకునేలా ఆడిన్రు. పవన్ లేడు. విజయ్ మాలిక్ కెప్టెన్, భరత్ హుడా రైడ్లు, వెనుక లెఫ్ట్ కార్నర్‌లో అంకిత్, రైట్ కార్నర్‌లో శుభమ్ షిండే. క్వాలిఫయర్ 2 దాకా పోయిన్రు. అక్కడ పుణె చేతిలో 50-45తో ఓడిన్రు. 45 పాయింట్లు చేసి కూడా ఓడినమంటే లోటు ఎక్కడున్నదో వేరే చెప్పాలా? ఆ రాత్రి మనందరం "ఇంకో రైడర్ ఉంటే..." అనుకున్నం. మేమంటున్నం, ఇంకో కవర్ ఉంటే. అందుకని మా లెక్క ఇది. ముందు రెండు కార్నర్లను విడదీయకుండా ఉంచాలె, వాళ్ళ పక్కన నిలబడే కవర్లను కుదిర్చాలె, మిగిలిన డబ్బుతో రైడర్. ఈ వరుస తిరగేస్తే మళ్ళీ అట్టడుగే.

సరే, టైటన్స్ యజమానులు మన పోస్ట్ చదవరు. మన మాట వినగలిగే టీమ్‌లు వేరే ఉన్నయి. మన టీమ్‌లే.

సంక్రాంతికి, ఉగాదికి, ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి మన దగ్గర టోర్నమెంట్లు పెడ్తరు. పాలకుర్తి వైపు, గూడూరు, బయ్యారం వైపు, మహాముత్తారం, కాటారం వైపు ఎక్కడికి పోయినా ఒకటే తీరు. చందాలు వేసుకొని ఎంట్రీ ఫీజు కడ్తం. ఆపైన ఇంకో చందా వేసి పట్నం నుంచి ఒక రైడర్‌ను తెస్తం. అతనికి దారి ఖర్చు, కోడి కూర, చేతిలో డబ్బు. వెనుక నిలబడే ఆరుగురు మన తండా పోరగాళ్ళే, మన గూడెం పోరగాళ్ళే. గెలిస్తే దండ ఆ రైడర్ మెడలో. ఓడిపోతే "కార్నర్ ఇడిసిపెట్టిండు" అని మన పోరనికి తిట్లు. టైటన్స్ 2 కోట్ల 60 లక్షలతో చేసిందే మన ఊర్లు రెండు వేలతో చేస్తున్నయి.

మన పోరగాళ్ళు కార్నర్‌కు ఎందుకు ఇష్టపడరో కూడా మాట్లాడుకోవాలె. టీవీలో ఆట మ్యాట్ మీద. కింద మెత్తగ ఉంటది, దూకి మడమ పట్టినా ఏం కాదు. మన గ్రౌండ్ ఏంది? మొరం. ఎండాకాలం వస్తే సిమెంట్ లెక్క గట్టిపడ్తది. దాని మీద ఒకసారి దూకితే మోకాలు, మోచేయి తోలు లేస్తది. పుండు మానేదాకా స్నానం కూడా నరకమే. రైడర్‌కు ఆ బాధ తక్కువ, నిలబడి ఆడుతడు. అందుకే మొరం గ్రౌండ్లు రైడర్లను తయారు చేస్తయి, డిఫెండర్లను భయపెడ్తయి. డైవ్ చేసుడు నేర్వని పిల్లగాడు సెలక్షన్‌లో మ్యాట్ మీద నిలబడంగనే తేలిపోతడు. వాని దగ్గర ధైర్యం లేక కాదు, వానికి నేర్చుకునే నేల దొరకలే.

సెలక్షన్ల సంగతి ఇంకోటి. అక్కడ వందల మంది వస్తరు, చూసేటోళ్ళకు టైమ్ ఉండదు. ఒక్కొక్కరికి రెండు మూడు రైడ్లు ఇస్తరు. రైడర్ తన పని తాను చూపిస్తడు. కార్నర్ ఏం చూపిస్తడు? వాని వైపు రైడర్ రావాలె, పక్కన ముక్కూ మొహం తెలియని కవర్ సాయం పట్టాలె. వాడు పడితేనే వీని పట్టు నిలబడ్తది. మా హాస్టల్ నుంచి ఒక సెలక్షన్‌కు పోయిన మంచి కార్నర్ ఒకడు మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, రెండే రెండు రైడ్లలో అయిపోయి తిరిగొచ్చిండు. ఆ రెండింట్లో రైడర్ అటు వైపు రానే లేదు. వాపస్ బస్ చార్జీలు కూడా జేబులోంచే.

"ఆటతోని ఏమొస్తది బిడ్డా" అని మన అమ్మానాన్నలు అడుగుతరు. వాళ్ళు అడగాల్సిందే. ఇంట్లో మొదటిసారి కాలేజ్ మెట్లు ఎక్కినోళ్ళం మనం. పత్తి ఏరిన డబ్బు, మిర్చి కోసిన కూలి డబ్బు మన ఫీజుల్లో ఉన్నది. వాళ్ళకు మనం చెప్పగలిగే జవాబు ఒకటుంది. తెలంగాణ సర్కారు ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉన్నది. దానికి సర్టిఫికెట్ కావాలె. సర్టిఫికెట్‌కు పెద్ద స్థాయి ఆట కావాలె. దానికి సెలక్షన్ కావాలె. ప్రో కబడ్డీలో కూడా మా వయసు వాళ్ళ కోసం న్యూ యంగ్ ప్లేయర్స్ అని వేరే దారి ఉన్నది. ఈ మెట్లన్నిటి ముందు మొరం గ్రౌండ్ ఉన్నది, రెండు రైడ్ల సెలక్షన్ ఉన్నది. మన దగ్గర గట్టి కాళ్ళు, గట్టి పట్టు ఉన్న పోరగాళ్ళు మస్తు మంది. వాళ్ళల్లో సగం మంది పేరు ఏ కాగితం మీదా ఎక్కకుండానే డిగ్రీ అయిపోయి, బొగ్గు లారీ మీదనో హైదరాబాద్ పనిలోనో తేలుతున్నరు.

చెల్లెళ్ళ సంగతి ఇంకా కష్టం. 2016లో ఆడవాళ్ళ కబడ్డీ లీగ్ మూడు టీములతోనే జరిగింది. 2025 నవంబర్‌లో ఢాకాలో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచిన్రు. మన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో కబడ్డీ ఆడే చెల్లెళ్ళకు ఆ వార్త ఎంతమందికి చేరింది? వాళ్ళ ఆట చూడనీకి మనలో ఎంతమంది పోతం?

అందుకే మేము కొన్ని పనులు అడుగుతున్నం. డబ్బుతో అయ్యేవి తక్కువ, మనసుతో అయ్యేవి ఎక్కువ.

మొదటిది నోట్‌బుక్. ప్రతి హాస్టల్ టీమ్‌కు ఒక వంద పేజీల నోట్‌బుక్ పెట్టండి. ప్రతి మ్యాచ్‌లో ఎవరు ఎన్ని పట్లు పట్టిన్రు, ఎన్ని నిలబడ్డయి, ఎవరితో కలిసి పట్టిన్రు రాయండి. రైడ్ పాయింట్లు అందరికీ యాదికుంటయి, పట్లు రాసుకోకపోతే గాలికి పోతయి. పీడీ సార్ ముందు మన పోరని గురించి మాట్లాడేటప్పుడు ఆ పేజీ చూపించవచ్చు.

రెండోది జంట. సెలక్షన్‌కు కార్నర్‌ను ఒంటరిగా పంపకండి. వానితో రోజూ ఆడే కవర్‌ను కూడా పంపండి, ఇద్దరినీ ఒకే వైపు నిలబెట్టమని అడగండి. అడిగితే చాలామంది కాదనరు, మనమే అడగం.

మూడోది నేల. మ్యాట్ కోసం అర్జీ పెడదాం. ఒక్క హాస్టల్ రాస్తే ఫైల్‌లో పడ్తది, మూడు జిల్లాల హాస్టళ్ళు కలిసి ఏటూరునాగారం ఐటీడీఏకు, జిల్లా క్రీడల ఆఫీసులకు రాస్తే కనీసం చదువుతరు. మ్యాట్ వచ్చేదాకా కూర్చోవద్దు. ఆదివారం గంట సేపు అందరం కలిసి రాళ్ళు ఏరి, గడ్డపారతో నేల తవ్వి, ఇసుక కలిపి నీళ్ళు కొడితే డైవ్ చేసే నేల తయారైతది. వ్యవసాయం తెలిసిన చేతులు మనవి, నేల మెత్తగ చేసుడు మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

నాలుగోది ప్రైజ్. మీ ఊరి టోర్నమెంట్ కమిటీలో మీరు ఉంటే, బెస్ట్ రైడర్‌కు ఎంత ఇస్తరో బెస్ట్ క్యాచర్‌కు అంతే ఇవ్వండి. ఒక రూపాయి తక్కువ వద్దు. బయటి రైడర్‌కు పెట్టే డబ్బుతో మన టీమ్ ఏడుగురికి మోకాలి ప్యాడ్లు వస్తయో లేదో ఒకసారి లెక్క చూడండి.

మన ఇండ్లల్లో చూడండి, ఎవరు ముందుకు పోయి పేరు తెచ్చుకున్నా వెనుక గట్టిగా నిలబడ్డోళ్ళు ఉన్నరు. మన చదువుల వెనుక నిలబడ్డోళ్ళ పేర్లు ఏ సర్టిఫికెట్ మీదా ఉండవు. ఆ నిలబడుడు విలువ మనకు తెల్వనిదా? తెలిసినప్పుడు ఆటలో కూడా చూపిద్దాం.

ఇక అడిగేది ఒక్కటే. కింద టైటన్స్ రైడర్ల పేర్లు రాయకండి, అవి చాలా చూసినం. మీ తండాలో, మీ గూడెంలో, మీ హాస్టల్‌లో ఉన్న మంచి కార్నర్ ఏ ఊరోడో, ఏ హాస్టల్‌లో ఉన్నడో రాయండి. అమ్మాయిలైతే ఇంకా మంచిది. మూడు జిల్లాల నుంచి ఎంతమంది తేలుతరో చూద్దాం. అర్జీ రాసేటప్పుడు ఆ లెక్కే మన బలం.